దేనికి మధ్య? ఒక లాగిన్ పేజీ సెంటరింగ్ కేస్ స్టడీ

చూడ్డానికి చాలా చిన్న పని. తెలుగు, ఇంగ్లిష్ రెండు భాషల్లో నడిచే ఒక సైటుకి లాగిన్ పేజీ. పేజీ మొత్తానికి ఒకటే కార్డు. పైన గుండ్రటి లోగో, దాని కింద శీర్షిక, మొబైల్ నంబరు గడి, పాస్‌వర్డ్ గడి, పక్కపక్కనే రెండు బటన్లు. ముందుకు నొక్కాక ఓటీపీ అడిగే పెట్టె దాని మీదకి వస్తుంది. డిజైన్‌లో కార్డు వెడల్పు 360 పిక్సెళ్ళు, అడ్డంగానూ నిలువుగానూ తెర నడిమధ్య.

1366 పిక్సెళ్ళ ల్యాప్‌టాప్ మీద ఇంగ్లిష్‌లో చూస్తే అంతా బాగానే ఉంది. ఫోన్ మీద మాత్రం కార్డు సగం తెరకి కుంచించుకుపోయింది. ఫోన్‌ని అడ్డంగా తిప్పితే లోగో, శీర్షిక తెర పైకి వెళ్ళిపోయాయి, ఎంత స్క్రోల్ చేసినా దొరకలేదు. తప్పు పాస్‌వర్డ్ కొడితే గడిలో ఉన్న కన్ను గుర్తు కిందికి జారింది. ఓటీపీ పెట్టె వెనక ఉండే నల్ల తెర కార్డు వరకే కప్పింది. భాష తెలుగుకి మారిస్తే బటన్ మీది అక్షరాలు విండోస్‌లో ఒక ఎత్తున, ఆండ్రాయిడ్‌లో ఇంకో ఎత్తున కూర్చున్నాయి.

వీటిలో ఒక్కటి కూడా బ్రౌజర్ తప్పు కాదు. చెప్పిన పెట్టెలో చెప్పినట్టే మధ్యకి తెచ్చింది, ఆ పెట్టే వేరు. అందుకని ప్రతి లోపానికీ ఇవే మూడు ప్రశ్నలు వేసుకుంటూ వెళ్ళాం: ఏ పెట్టెని, ఏ పెట్టెలో, పట్టకపోతే ఏం కావాలి. మూడోది ఎక్కువమంది అడగరు, ఎక్కువ నష్టం జరిగేది అక్కడే.

సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని బ్రౌజర్‌కి చెప్పే భాష) మాటలు ఇక్కడ పలికినట్టే తెలుగులో ఉన్నాయి. ఎడిటర్‌లో మామూలు ఇంగ్లిష్ అక్షరాలతోనే కొట్టాలి.

పాత కోడ్ ఏం చేస్తోంది

కార్డుకి రాసినవి ఇవి:

పొజిషన్: అబ్సల్యూట్;
టాప్: 50%;
లెఫ్ట్: 50%;
ట్రాన్స్‌ఫార్మ్: ట్రాన్స్‌లేట్(-50%, -50%);
మ్యాక్స్-విడ్త్: 360 పిక్సెళ్ళు;

టాప్, లెఫ్ట్ శాతాలు బయటి పెట్టె కొలతల మీద లెక్కపడతాయి, ట్రాన్స్‌లేట్ శాతం కార్డు సొంత కొలతల మీద. కార్డు ఎడమ పై మూల ముందు తెర మధ్యకి వెళ్తుంది, తర్వాత కార్డు తనలో సగం వెనక్కి జరుగుతుంది. కార్డు ఎత్తు ముందే తెలియకపోయినా పనిచేస్తుంది కాబట్టి ఏళ్ళ తరబడి అందరూ దీన్నే కాపీ కొట్టారు. ఫ్లెక్స్‌బాక్స్ (పెట్టెలని వరుసగా అమర్చే పద్ధతి) అన్ని బ్రౌజర్లకీ అందని రోజుల్లో ఇంతకన్నా మంచి దారి లేదు కూడా.

చిక్కు వెడల్పు దగ్గర మొదలవుతుంది. విడ్త్ ఇవ్వని అబ్సల్యూట్ పెట్టె తనకి దొరికే జాగాని బట్టి కుదించుకుంటుంది. లెఫ్ట్ 50% అన్నాం కాబట్టి దొరికే జాగా అంటే తెరలో కుడి సగం. 1366 తెర మీద ఆ సగం 683, కార్డుకి కావలసిన 360 హాయిగా పడుతుంది. 360 వెడల్పు ఫోన్ మీద సగం 180. ట్రాన్స్‌లేట్ తర్వాత ఎడమకి జరుపుతుంది నిజమే, కానీ వెడల్పు లెక్క అప్పటికే అయిపోయింది. ట్రాన్స్‌ఫార్మ్ అన్నది లేఅవుట్ ముగిశాక జరిగే బొమ్మ జరుపుడు మాత్రమే. అందుకే ఇంగ్లిష్‌లో కార్డు 180కి కుంచించుకుంది. తెలుగులో మరికాస్త వెడల్పుగా కనిపించింది, దానికీ కారణం మంచిదేమీ కాదు. "ధృవీకరించుకోండి" లాంటి విరగని పొడవు మాట 180లో పట్టక పెట్టెని సాగదీసింది.

నిలువు చిక్కు ఇంకా పెద్దది. ఫోన్ అడ్డంగా ఉన్నప్పుడు బ్రౌజర్ పట్టీ పోగా కనిపించే ఎత్తు 300 పిక్సెళ్ళు, తెలుగులో కార్డు ఎత్తు 520 అనుకోండి. మధ్యకి తేవడం అంటే పైన మిగిలే జాగా 300 లోంచి 520 తీసేసి, సగం చేయడం: మైనస్ 110. కార్డు పైన 110, కింద 110 తెర దాటిపోతుంది. కింద దాటిన దానికి స్క్రోల్ వస్తుంది. పైన దాటిన దానికి రాదు, ఎందుకంటే పేజీ మొదలయ్యే చోటికి ముందుకి ఏ బ్రౌజరూ స్క్రోల్ చేయనివ్వదు. లోగో, శీర్షిక పోయింది ఆ 110లోనే. జూమ్ 200% పెట్టి చదివేవాళ్ళకి ఇదే గతి ల్యాప్‌టాప్ మీద కూడా పడుతుంది.

ఇంకొకటి చిన్నది: కార్డు ఎత్తు బేసి సంఖ్య అయితే, 521 లాంటిది, ట్రాన్స్‌లేట్ 260.5 జరుపుతుంది. అర పిక్సెల్ మీద కూర్చున్న అంచు గీతలు, అక్షరాలు మామూలు తెరల మీద కాస్త మసకగా ఉంటాయి.

ఓటీపీ నల్ల తెర కార్డు వరకే ఆగడానికీ దోషి ఇదే ట్రాన్స్‌ఫార్మ్. పొజిషన్ ఫిక్స్‌డ్ అంటే తెరకి అతికి ఉంటుందని అందరం అనుకుంటాం. కానీ దాన్ని చుట్టి ఉన్న పెట్టెల్లో, అంటే పేరెంట్లలో, ఏ ఒక్కదానికి ట్రాన్స్‌ఫార్మ్ ఉన్నా ఫిక్స్‌డ్ ఆ పేరెంట్‌నే తెర అనుకుంటుంది. ఓటీపీ డివ్ (పెట్టె) కార్డు లోపల ఉంది, కార్డుకి ట్రాన్స్‌ఫార్మ్ ఉంది. అంతే సంగతి.

కార్డుకి ఏది ఎంచుకోవాలి

దారులు చాలా ఉన్నాయి. మార్జిన్ 0 ఆటో అడ్డంగా చక్కగా పనిచేస్తుంది, నిలువుగా మాత్రం మామూలు ఫ్లోలో ఆటో మార్జిన్ సున్నాగా మారిపోతుంది. అందుకే "అడ్డంగా వచ్చింది, నిలువుగా రాలేదు" అన్న ఫిర్యాదు ఇంత పాతది. టెక్స్ట్-అలైన్ సెంటర్ లోపలి అక్షరాలకే, పెట్టెకి కాదు. పైగా అది లోపలికంతా వారసత్వంగా పాకుతుంది. పాత కోడ్‌లో గడుల పేర్లు, రెండు వరుసల తప్పు సందేశాలు నడిమధ్యకి వచ్చి చదవడానికి ఇబ్బందిగా ఉన్నది ఆ పాకడం వల్లే. దాన్ని శీర్షిక వరకే ఉంచి మిగతా వాటికి స్టార్ట్ పెట్టాం.

ఫ్లెక్స్ పెట్టి జస్టిఫై-కంటెంట్, అలైన్-ఐటమ్స్ రెండూ సెంటర్ చేయొచ్చు. కానీ నెట్‌లో దొరికే ఉదాహరణల్లో బయటి పెట్టెకి హైట్ 100వీహెచ్, అంటే తెర ఎత్తంతా, అని ఉంటుంది. హైట్ బిగించాక కార్డు పట్టకపోతే పైన చెప్పిన మైనస్ 110 కథే మళ్ళీ. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 10, 11ల్లో మిన్-హైట్ ఉన్న ఫ్లెక్స్ పెట్టె లోపలివాటిని నిలువుగా సరిగ్గా మధ్యకి తెచ్చేది కాదు. దానికి మందుగా హైట్ రాయడం అలవాటైంది. ఆ బ్రౌజర్ 2022 జూన్‌లో రిటైర్ అయింది, అలవాటు మాత్రం ఇంకా పోలేదు.

2024 మార్చి, ఏప్రిల్‌ల్లో వచ్చిన క్రోమ్ 123, సఫారీ 17.4, ఫైర్‌ఫాక్స్ 125 నుంచి మామూలు బ్లాక్ పెట్టెకి కూడా అలైన్-కంటెంట్ సెంటర్ పనిచేస్తుంది, ఫ్లెక్స్, గ్రిడ్ (అడ్డం, నిలువు గడులుగా అమర్చే పద్ధతి) ఏదీ అక్కర్లేదు. ముచ్చటైన సదుపాయమే. పాత ఫోన్లు వాడేవాళ్ళు ఎక్కువున్న సైటు కాబట్టి ఇక్కడ దాని మీద ఆధారపడలేదు.

గ్రిడ్ క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీల్లో 2017 మార్చి నుంచి ఉంది. చివరికి బయట గ్రిడ్, లోపల కార్డుకి ఆటో మార్జిన్. పేజీ చుట్టు పెట్టెకి:

డిస్‌ప్లే: గ్రిడ్;
గ్రిడ్-టెంప్లేట్-కాలమ్స్: మిన్‌మ్యాక్స్(0, 1ఎఫ్ఆర్);
మిన్-హైట్: 100వీహెచ్;
మిన్-హైట్: 100ఎస్‌వీహెచ్;
ప్యాడింగ్: 16 పిక్సెళ్ళు;
బాక్స్-సైజింగ్: బోర్డర్-బాక్స్;

కార్డుకి:

విడ్త్: మిన్(100%, 360 పిక్సెళ్ళు);
మార్జిన్: ఆటో;
ఓవర్‌ఫ్లో-ర్యాప్: ఎనీవేర్;

ప్లేస్-ఐటమ్స్ సెంటర్ అని ఒక్క ముక్కలో తేల్చకుండా ఆటో మార్జిన్ ఎందుకంటే, మూడో ప్రశ్నకి జవాబు అందులో ఉంది. ఫ్లెక్స్‌లో, గ్రిడ్‌లో ఆటో మార్జిన్ మిగిలిన జాగాని రెండు వైపులా పంచుతుంది. జాగా మిగలకపోతే సున్నా అయిపోతుంది, మైనస్‌లోకి పోదు. పట్టని కార్డు పైనుంచి మొదలై కిందికి పెరుగుతుంది, స్క్రోల్‌కి అందుతుంది. మిన్-హైట్ ఉండడం వల్ల ఇక్కడ బయటి పెట్టే కార్డుతో పాటు పెరుగుతుంది కాబట్టి రెండింట్లో ఏది పెట్టినా గడిచిపోయేది. కానీ రేపు ఎవరో గ్రిడ్‌ని ఫ్లెక్స్‌గా మార్చి హైట్ బిగిస్తే ఉత్త సెంటర్ కాపాడదు, ఆటో మార్జిన్ కాపాడుతుంది. సెంటర్ ముందు సేఫ్ అన్న మాట చేర్చినా ఇదే ఫలితం.

బాక్స్-సైజింగ్ మరిచిపోతే 100ఎస్‌వీహెచ్‌కి ప్యాడింగ్ 32 కలిసి, ఖాళీ పేజీకి కూడా 32 పిక్సెళ్ళ స్క్రోల్ వస్తుంది. మిన్‌మ్యాక్స్‌లో సున్నా, ఎనీవేర్ రెండూ పొడవు తెలుగు మాటల కోసం. గ్రిడ్ కాలమ్ మామూలుగా తన లోపలి అతి పొడవు మాట కన్నా సన్నబడదు, ఆ సున్నా దాన్ని సన్నబడనిస్తుంది. ఓవర్‌ఫ్లో-ర్యాప్‌కి బ్రేక్-వర్డ్ ఇస్తే మాటని విరుస్తుంది గానీ పెట్టె కనీస వెడల్పు లెక్కలో ఆ విరుపుని కలపదు. ఎనీవేర్ కలుపుతుంది.

గ్రిడ్‌ని నేరుగా బాడీ (పేజీ మొత్తాన్ని పట్టే ఎలిమెంట్) మీద పెట్టకపోవడం ముఖ్యం. క్యాప్చా, చాట్ బొమ్మ లాంటి బయటి స్క్రిప్టులు బాడీ చివర తమ డివ్‌లు తెచ్చి పడేస్తుంటాయి. బాడీయే గ్రిడ్ అయితే అలా వచ్చి మామూలు ఫ్లోలో ఉన్న ప్రతి డివ్ ఒక కొత్త వరుస. మిగిలిన ఎత్తు వరుసల మధ్య పంచబడి, కంటికి ఏమీ కనపడకుండానే కార్డు పైకి జరిగిపోతుంది. కారణం వెతికేవాడికి పగలంతా పడుతుంది. అందుకే మెయిన్ ఎలిమెంట్‌నే చుట్టు పెట్టెగా చేశాం, స్క్రిప్టులు దాని బయట ఏమైనా చేసుకోవచ్చు.

100వీహెచ్ సంగతి

ఫోన్ బ్రౌజర్లలో 100వీహెచ్ అంటే అడ్రస్ పట్టీ దాక్కున్నప్పటి పెద్ద ఎత్తు. పేజీ తెరుచుకున్నప్పుడు పట్టీ కనిపిస్తూ ఉంటుంది. కాబట్టి 100వీహెచ్‌కి మధ్య అంటే కంటికి కనిపించే మధ్య కన్నా పట్టీ ఎత్తులో సగం కింద. పట్టీ 56 అయితే తేడా 28 పిక్సెళ్ళు. కొలిస్తే గానీ తెలియదు, కానీ ఏదో కిందికి ఉన్నట్టు అనిపిస్తూనే ఉంటుంది.

ఎస్‌వీహెచ్ పట్టీ ఉన్నప్పటి చిన్న ఎత్తు, ఎల్‌వీహెచ్ లేనప్పటి పెద్దది, డీవీహెచ్ ఆ క్షణానికి ఉన్నది. మూడూ సఫారీ 15.4, ఫైర్‌ఫాక్స్ 101, క్రోమ్ 108లతో వచ్చాయి, అన్నీ 2022లోనే. పేరు చూసి డీవీహెచ్ వాడబుద్ధి అవుతుంది. మధ్యలో నిలబడాల్సిన వస్తువుకి అది సరిపడదు, పట్టీ దాక్కున్నప్పుడల్లా కార్డు కదులుతుంది. ఎస్‌వీహెచ్ అయితే పేజీ కనిపించే ఎత్తులోనే సరిగ్గా ఇముడుతుంది, స్క్రోల్ చేయడానికే ఏమీ ఉండదు కాబట్టి పట్టీ దాక్కోదు. ముందు వరుసలో వీహెచ్ ఉంచింది ఎస్‌వీహెచ్ అర్థంకాని పాత బ్రౌజర్ల కోసం. అవి రెండో వరుసని వదిలేసి మొదటిదాన్నే పట్టుకుంటాయి.

కీబోర్డు తెరుచుకుంటే ఈ కొలతలేవీ మారవు. క్రోమ్ 108 నుంచి ఆండ్రాయిడ్‌లో కూడా, ఐఫోన్‌లో మొదటినుంచీ ఉన్నట్టే, కీబోర్డు లేఅవుట్‌ని కుదించకుండా దాని మీదకి వస్తుంది. కీబోర్డు పైన మిగిలిన జాగాలో కార్డు మళ్ళీ మధ్యకి రావాలని డిజైనర్ అడిగితే వ్యూపోర్ట్ మెటా ట్యాగ్‌లో ఇంటరాక్టివ్-విడ్జెట్ విలువ రిసైజెస్-కంటెంట్ పెట్టే దారి ఉంది. లాగిన్ పేజీలో అది అక్కర్లేదని మా ఉద్దేశం. నంబరు కొడుతుంటే కార్డు ఎగరడం ఎవరికీ నచ్చదు, గడిని కనిపించేలా జరిపే పని బ్రౌజరే చేస్తుంది.

అడ్డం వైపు ఒక్కటే మిగిలింది. విండోస్‌లో తప్పు సందేశాలు వచ్చి పేజీ పొడవైతే 15 పిక్సెళ్ళ స్క్రోల్‌బార్ పుడుతుంది, కార్డు 7.5 పిక్సెళ్ళు ఎడమకి గెంతుతుంది. హెచ్‌టీఎంఎల్ ఎలిమెంట్‌కి స్క్రోల్‌బార్-గటర్ స్టేబుల్ పెడితే ఆ జాగా ముందే పక్కన పెట్టేసి ఉంటుంది, గెంతు పోతుంది. విడ్త్ 100వీడబ్ల్యూ (తెర వెడల్పంతా) రాసినచోట్ల 100% చేశాం, వీడబ్ల్యూ స్క్రోల్‌బార్‌ని కూడా కలుపుకుని లెక్కేస్తుంది కాబట్టి.

కన్ను గుర్తు, ఓటీపీ పెట్టె

పాస్‌వర్డ్ చూపించే కన్ను టాప్ 50%, ట్రాన్స్‌లేట్‌వై -50%తో గడి మధ్యలో ఉంది. దేనికి మధ్య? పొజిషన్ రెలెటివ్ ఉన్న చుట్టు డివ్‌కి. ఆ డివ్‌లో గడితో పాటు దాని కింద వచ్చే తప్పు సందేశం కూడా ఉంది. సందేశం వరుస 20, పైన మార్జిన్ 4 కలిసి 24 పెరిగితే మధ్య 12 కిందికి జరుగుతుంది, కన్నూ దానితోపాటే. గడికీ కన్నుకీ మాత్రమే వేరే చుట్టు పెట్టె ఇచ్చి సందేశాన్ని బయటికి తీయడమే మందు. కన్నుకి ఇన్‌సెట్-బ్లాక్ 0, మార్జిన్-బ్లాక్ ఆటో, హైట్ 40 ఇస్తే ట్రాన్స్‌ఫార్మ్ కూడా అక్కర్లేదు. అబ్సల్యూట్ పెట్టెకి పైనా కిందా సున్నా ఇచ్చి ఎత్తు బిగిస్తే ఆటో మార్జిన్ నిలువుగా కూడా పంచుకుంటుంది.

ఓటీపీ డివ్‌ని డైలాగ్ ఎలిమెంట్‌గా మార్చి షోమోడల్‌తో తెరిచాం. అలా తెరిచింది టాప్ లేయర్‌లోకి, అంటే పేజీలో అన్నిటికీ పైన ఉండే పొరలోకి వెళ్తుంది, పేరెంట్ల ట్రాన్స్‌ఫార్మ్ దాన్ని తాకదు. నల్ల తెర కూడా తెరంతా కప్పుతుంది. బ్రౌజరే దాన్ని రెండు వైపులా మధ్యకి తెస్తుందని ఎదురుచూస్తే, అది ఎడమ పై మూలకి అతుక్కుంది. కారణం స్టైల్‌షీట్ మొదటి వరుసలోనే ఉంది: నక్షత్రం గుర్తుతో అన్నిటికీ మార్జిన్ 0. బ్రౌజర్ డైలాగ్‌ని మధ్యకి తెచ్చేది ఇన్‌సెట్ 0, మార్జిన్ ఆటోలతోనే. ఆ ఆటోని ఈ మార్జిన్ 0 తుడిచేసింది. డైలాగ్‌కి మార్జిన్ ఆటో అని ఒక్క వరుస తిరిగి రాస్తే సరి. ఇంకో పొరపాటు తరచూ జరుగుతుంది: డైలాగ్‌కే డిస్‌ప్లే ఫ్లెక్స్ రాసేయడం. మూసి ఉన్నప్పుడు బ్రౌజర్ పెట్టే డిస్‌ప్లే నన్ దాంతో పోయి, పెట్టె ఎప్పుడూ కనిపిస్తూ ఉంటుంది. ఓపెన్ ఆట్రిబ్యూట్ ఉన్నప్పుడే ఫ్లెక్స్ వర్తించేలా సెలెక్టర్ రాయాలి.

ఓటీపీ గడిలో ఆరు అంకెలు, వాటి మధ్య లెటర్-స్పేసింగ్ 12. టెక్స్ట్-అలైన్ సెంటర్ ఉన్నా అంకెలు ఎడమకి ఒరిగినట్టున్నాయి. లెటర్-స్పేసింగ్ ప్రతి అక్షరం తర్వాతా పడుతుంది, ఆఖరి అంకె తర్వాత కూడా. కంటికి కనపడని ఆ 12 కూడా వరుసలో భాగమే కాబట్టి కనిపించే అంకెలు 6 పిక్సెళ్ళు ఎడమకి పోతాయి. టెక్స్ట్-ఇండెంట్ 12 ఇస్తే రెండు పక్కలా సమానమైంది. ఇది అంకెల వరకే. తెలుగు అక్షరాలకి లెటర్-స్పేసింగ్ పెట్టకండి, మాట మాటగా కనిపించదు.

బటన్ మీద తెలుగు

ఎక్కువ సమయం తిన్నది ఇదే. బటన్లు రెండు, "ముందుకు", "రద్దు". పాత కోడ్‌లో బటన్‌కి హైట్ 48, లైన్-హైట్ 48. ఒక్క వరుసే ఉన్నంతకాలం ఇది చెల్లుతుంది. ఇరుకు తెర మీద లేబుల్ రెండు వరుసలైతే 96 ఎత్తు అక్షరాలు 48 పెట్టెలోంచి పొంగిపోతాయి. దాని బదులు మిన్-హైట్ 48, పైనా కిందా ప్యాడింగ్ 12, లైన్-హైట్ 1.5, డిస్‌ప్లే ఇన్‌లైన్-ఫ్లెక్స్, అలైన్-ఐటమ్స్, జస్టిఫై-కంటెంట్ సెంటర్, బొమ్మకీ మాటకీ మధ్య గ్యాప్ 8. ఇంతవరకూ మామూలే.

తెలుగు పేజీకి మాత్రం ప్యాడింగ్-టాప్‌లో ఎవరో 3 పిక్సెళ్ళు కలిపి ఉన్నారు. ఒక మెషీన్ మీద అక్షరాలు పైకి కనిపించి ఉంటాయి, అక్కడికి సరిపోయేలా సర్దారు. ఇంకో మెషీన్ మీద అదే సర్దుబాటు అక్షరాలని కిందికి నెట్టింది. ఇలాంటి 3 కనిపిస్తే తీసేసి, దాని వెనక ఉన్న ఫాంట్ లెక్క చూడాలి.

బటన్ మధ్యకి తెచ్చేది అక్షరాన్ని కాదు, వరుస పెట్టెని. ఆ పెట్టెలో బేస్‌లైన్ (అక్షరాలు కూర్చునే గీత) ఎక్కడుంటుందో ఫాంట్‌లోని రెండు సంఖ్యలు నిర్ణయిస్తాయి: బేస్‌లైన్ పైన ఉండే అసెంట్, కింద ఉండే డిసెంట్. లైన్-హైట్ వల్ల వచ్చే అదనపు జాగా పైనా కిందా చెరిసగం పడుతుంది. కాబట్టి వరుస మధ్య నుంచి బేస్‌లైన్ దూరం ఎప్పుడూ అసెంట్ లోంచి డిసెంట్ తీసేసి సగం చేసినంత. రోబోటోలో 2048 యూనిట్లకి అసెంట్ 1900, డిసెంట్ 500. 16 పిక్సెళ్ళ సైజులో అవి సుమారు 14.8, 3.9. తేడాలో సగం 5.5. లైన్-హైట్ 1.2 పెట్టినా 2 పెట్టినా ఈ 5.5 కదలదు. లైన్-హైట్ మారుస్తూ అక్షరాన్ని పైకీ కిందికీ జరపాలని చూసేవాళ్ళకి ఎందుకు లొంగదో ఇదే కారణం. రోబోటోలో ఇంగ్లిష్ పెద్ద అక్షరాల ఎత్తు 11.4, అందులో సగం 5.7. అంటే పెద్ద అక్షరం మధ్య, వరుస మధ్య దాదాపు ఒకటే. ఇంగ్లిష్ బటన్లు ఏ తంటా లేకుండా మధ్యలో కనిపించడం ఆ ఫాంట్ కొలతల పుణ్యం.

తెలుగుకి వచ్చేసరికి ఫాంట్ ఎవరు ఎంచుతున్నారన్నది ప్రశ్న. లైన్-హైట్ సంఖ్యగా ఇచ్చినప్పుడు వరుస లెక్కకి తీసుకునేది ఫాంట్-ఫ్యామిలీ జాబితాలో దొరికిన మొదటి ఫాంట్‌నే, అక్షరాలు నిజంగా ఏ ఫాంట్ లోంచి వచ్చాయో దాన్ని కాదు. పాత కోడ్‌లో తెలుగు పేజీకి జాబితా నిర్మలా యూఐతో మొదలై శాన్స్-సెరిఫ్‌తో ముగిసింది. విండోస్‌లో నిర్మలా యూఐ ఉంటుంది, బేస్‌లైన్ దాని కొలతల ప్రకారం పడుతుంది. ఆండ్రాయిడ్‌లో అది లేదు, శాన్స్-సెరిఫ్ అంటే సాధారణంగా రోబోటో, తెలుగు అక్షరాలు మాత్రం నోటో శాన్స్ తెలుగు లోంచి వస్తాయి. ఐఫోన్‌లో ఈ రెండూ కాకుండా కోహినూర్ తెలుగు. మూడు చోట్లా బేస్‌లైన్ వేరు, అక్షరం సైజు వేరు. వత్తుల కోసం డిసెంట్ లోతుగా పెట్టిన తెలుగు ఫాంట్ జాబితాలో మొదటిదైతే ఆ తేడాలో సగం తగ్గి, బేస్‌లైన్ పైకి వెళ్తుంది. లైన్-హైట్ నార్మల్ అని వదిలేస్తే ఇంకో తలనొప్పి, లోపల వాడిన ఫాంట్లన్నీ కలిసి వరుస ఎత్తు పెంచుతాయి. భాష మార్చగానే కార్డు ఎత్తే మారిపోతుంది.

చేసింది: రెండు భాషలకీ ఒకటే జాబితా. మొదట రోబోటో, తర్వాత నోటో శాన్స్ తెలుగు, రెండూ వెబ్ ఫాంట్లుగా సర్వర్ నుంచే. బేస్‌లైన్ అన్ని చోట్లా 5.5, భాష మారినా బటన్ పిసరంత కదలదు. తెలుగు ఫైలుకి యూనికోడ్-రేంజ్ (ఆ ఫాంట్ ఏ అక్షరాలకి వాడాలో చెప్పేది) 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు ఇచ్చి, కంటికి కనపడని జీరో-విడ్త్ నాన్-జాయినర్, జాయినర్ అయిన 200సీ, 200డీలని కూడా కలపాలి. ఇక్కడ తెలియని మెలిక ఒకటుంది: "మొదటి ఫాంట్" అంటే మామూలు ఖాళీ, అంటే స్పేస్ క్యారెక్టర్, తన రేంజ్‌లో ఉన్న మొదటిది. తెలుగు రేంజ్ ఒక్కటే ఇచ్చిన ఫాంట్‌ని జాబితాలో ముందు రాసినా వరుస లెక్కకి అది పనికిరాదు, తర్వాతదే పనిచేస్తుంది. ముందు రాశాం కదా, ఎందుకు మారలేదు అని జుట్టు పీక్కోవాల్సిన పని లేదు.

అంతా ఒకటి చేశాక కూడా "ముందుకు" కాస్త పైకి, "రద్దు" సరిగ్గా మధ్యలో ఉన్నట్టు కనిపిస్తాయి. "రద్దు"లో ద వత్తు బేస్‌లైన్ కిందికి దిగుతుంది, "ముందుకు"లో వత్తే లేదు. సిరా పరుచుకున్న జాగా రెండింటికీ వేరు. ఒక్కో లేబుల్‌ని దాని సిరాని బట్టి మధ్యకి తెస్తే పక్కపక్క బటన్లలో బేస్‌లైన్లు తప్పి, వరుస వంకరపోతుంది. అది మధ్యలో లేకపోవడం కన్నా ఎక్కువ కళ్ళకి కొడుతుంది. బేస్‌లైన్ ఒకటిగా ఉంచి వత్తులని కింది ప్యాడింగ్‌లోకి దిగనివ్వడమే సరైనదని తేల్చాం. ఆ ఎత్తులో బేస్‌లైన్ కింద బటన్ అంచు దాకా 18 పిక్సెళ్ళకి పైనే జాగా ఉంది, "రాష్ట్రం" లాంటి రెండు వత్తుల మాట వచ్చినా పడుతుంది.

పడనిది పాత కోడ్‌లో బటన్ లోపల లేబుల్ చుట్టూ ఉన్న స్పాన్‌లో. పొడవు లేబుల్‌కి చుక్కలు రావాలని దానికి ఓవర్‌ఫ్లో హిడెన్, లైన్-హైట్ 1.2 పెట్టి ఉన్నారు. అక్కడ బేస్‌లైన్ కింద మిగిలేది నాలుగు పిక్సెళ్ళు, వత్తు అడుగు తెగిపోయింది. ఇంగ్లిష్‌లో పరీక్షిస్తే ఇది ఎప్పటికీ బయటపడదు. చుక్కలు తీసేసి లేబుల్‌ని రెండో వరుసకి పోనిచ్చాం.

లోగోలో ఒక్క పిక్సెల్

72 పిక్సెళ్ళ గుండ్రటి పెట్టెలో లోగో బొమ్మ పిసరు కిందికి ఉంది. లైన్-హైట్ 72, బొమ్మకి వర్టికల్-అలైన్ మిడిల్. ఆ మిడిల్ వరుస మధ్య కాదు, బేస్‌లైన్ నుంచి ఇంగ్లిష్ చిన్న ఎక్స్ ఎత్తులో సగం పైకి. రోబోటోలో 16 సైజుకి అది 4.2. వరుస మధ్య ఉన్నది 5.5 పైన. తేడా 1.3 పిక్సెళ్ళు, లోగో దిగినంతే. గుండ్రటి పెట్టెకి డిస్‌ప్లే గ్రిడ్, ప్లేస్-ఐటమ్స్ సెంటర్ పెట్టగానే ఫాంట్ ప్రసక్తే పోయింది. బొమ్మలని మధ్యకి తేవడానికి వర్టికల్-అలైన్ వాడకపోవడమే మంచిది.

చూసుకున్నవి

కన్సోల్‌లో కార్డు మీద గెట్-బౌండింగ్-క్లయింట్-రెక్ట్ పిలిచి ఎడమ ఖాళీ, కుడి ఖాళీ, పై ఖాళీ, కింది ఖాళీ పక్కపక్కన రాసుకోవాలి. కంటితో చూసి తేల్చకూడదు, కార్డు నీడ కిందికి ఎక్కువ పడితే కన్ను మోసపోతుంది. వెడల్పు 320 దగ్గర అడ్డ స్క్రోల్ రాకూడదు, 1280 తెర మీద 400% జూమ్ అంటే అదే. ఫోన్ అడ్డంగా తిప్పి లోగో దాకా స్క్రోల్ అందుతోందా చూడాలి. అన్ని గడులూ తప్పు చేసి అన్ని సందేశాలూ ఒకేసారి తెప్పించాలి. వెబ్ ఫాంట్లని నెట్‌వర్క్ ప్యానెల్‌లో ఆపేసి, అవి రాకపోతే లేబుల్ ఎంత జరుగుతుందో చూడాలి. ఇక్కడ ఒకటిన్నర పిక్సెల్ లోపే జరిగింది, దాన్ని వదిలేశాం.

క్రోమ్ 133, సఫారీ 18.2లతో వచ్చిన టెక్స్ట్-బాక్స్ ట్రిమ్-బోత్ క్యాప్ ఆల్ఫబెటిక్‌ని కూడా బటన్ మీద పెట్టి చూశాం. అది వరుస పెట్టెని పెద్ద అక్షరం నెత్తి నుంచి బేస్‌లైన్ దాకా కత్తిరిస్తుంది, మధ్య లెక్క అప్పుడు అక్షరానికే పడుతుంది. ఇంగ్లిష్ లేబుల్ 0.2 పిక్సెల్ సర్దుకుంది. తెలుగులో పెద్ద అక్షరాలే లేవు, కొలత రోబోటో నుంచే వచ్చింది, గుడి పైకీ వత్తు కిందికీ కత్తిరింపు దాటి పొడుచుకొచ్చాయి. పైగా ప్యాడింగ్ అంతా కొత్తగా లెక్కవేయాలి. తీసేశాం.